బస్తీ పిల్ల చదువు మీద మీరిచ్చిన తీర్పు

71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల ఫీచర్ ఫిల్మ్ జ్యూరీ అధ్యక్షులు శ్రీ ఆశుతోష్ గోవారికర్ గారికి, జ్యూరీ సభ్యులందరికీ,



2025 ఆగస్టు 1న మీరు ప్రకటించిన జాబితాలో 2023 సంవత్సరపు ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారాన్ని తమిళ ‘పార్కింగ్’కూ, మా తెలుగు ‘బేబీ’కీ కలిపి ఇచ్చారు. ‘బేబీ’కి ఇచ్చిన ఆ పురస్కారాన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను. వెనక్కి తీసుకోమని అడగను. ఆ సినిమాను ఆపాలనీ, కత్తిరించాలనీ కోరేవాళ్లలో నేను లేను. ఆ రచనలో మీకు ఏ గొప్పతనం కనిపించిందో చెప్పమని మాత్రం అడుగుతున్నాను. ప్రభుత్వం పేరిట, ప్రజల డబ్బుతో, రాష్ట్రపతి చేతుల మీదుగా ఇచ్చే గౌరవం కాబట్టి ఆ మాట అడిగే హక్కు నాకుంది.

నేను సంగారెడ్డి మండలం ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఉంటాను. ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా జిల్లాలో కందిలో ఐఐటీ ఉంది, రుద్రారంలో ప్రైవేటు యూనివర్సిటీ ఉంది, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారంలో ఫ్యాక్టరీలున్నాయి. తెల్లారితే మా ఊళ్ల పిల్లలు కొందరు కాలేజీ బస్సు ఎక్కుతారు, కొందరు కంపెనీ బస్సు ఎక్కుతారు. పదో తరగతి దాకా ఒకే బడిలో చదివినవాళ్లు అక్కడ విడిపోతారు. ‘బేబీ’ కథ సరిగ్గా ఆ చోటును పట్టుకుంది. పది తప్పి ఆటో నడిపే ఆనంద్, ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లిన వైష్ణవి. హైదరాబాద్ బస్తీ కథ అన్నారు గానీ, అది మా కథ కూడా. అందుకే మీ నిర్ణయాన్ని ఢిల్లీ వార్తగా చదివి పేజీ తిప్పలేకపోయాను.

ఆ సినిమాలోని ‘ప్రేమిస్తున్నా’ పాటకు పి.వి.ఎన్.ఎస్. రోహిత్‌ను ఉత్తమ గాయకుడిగా ఎంపిక చేశారు. ఎంతో సంతోషించాను. వైష్ణవి పాత్ర వేసిన వైష్ణవి చైతన్య నటనకు ఏ పురస్కారం ఇచ్చినా అభ్యంతరం చెప్పేదాన్ని కాను. రాసినవారు ఆ పాత్రకు ఇవ్వని మనసును ఆ అమ్మాయి కళ్లతో తెచ్చి పెట్టింది. స్క్రీన్‌ప్లే సంగతి వేరు. ఎవరి కన్నీళ్ల దగ్గర ఎంతసేపు నిలబడాలి, ఎవరి మాట ప్రేక్షకుడికి వినపడాలి, ఎవరి మాట గొంతులోనే ఆగిపోవాలి, ఇవన్నీ తేల్చేది స్క్రీన్‌ప్లే. దర్శకుల మధ్య కూర్చునే మీకు ఇది నేను చెప్పక్కర్లేదు. అయితే ఆ కొలతతోనే ‘బేబీ’ని కొలిచారా?

ప్రేమలో చితికిపోయిన ఆనంద్ మీదనే ఆ సినిమా మొదలవుతుంది. వైష్ణవి ఏం చేసిందో తెలియకముందే అతనికి అన్యాయం జరిగిందని మనకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆమె వేసే ప్రతి అడుగునూ ఆ తీర్పు నీడలోనే చూస్తాం. కాలేజీలో చేరుతుంది, బట్టలు మారతాయి, నడక మారుతుంది, స్నేహాలు మారతాయి, ధనవంతుల ఇంటి అబ్బాయి పరిచయమవుతాడు, పబ్బు, మద్యం, ముద్దు. ఈ మెట్లన్నీ శ్రద్ధగా కట్టారు. మరి ఆ అమ్మాయి చదువు ఏమైంది? ఇంజనీరింగ్‌లో ఆమెకు నచ్చిన సబ్జెక్టు ఏది? కాలేజీలో మొదటిసారి ఆమె ఇంగ్లిష్‌లో నోరు విప్పాల్సి వచ్చినప్పుడు ఎంత వణికింది? దాదాపు మూడు గంటల సినిమా చూసి బయటికొచ్చాక ఆమె చదువు గురించి మీకు గుర్తుండిపోయిన సన్నివేశం ఒక్కటి చెప్పగలరా? బస్తీ నుంచి ఒక పిల్ల ఇంజనీరింగ్ దాకా రావడమే ఒక కథ. ఆ కథను పక్కన పెట్టి, కాలేజీ అంటే పిల్ల చెడిపోయే చోటు అన్న పాత భయానికి మళ్లీ ప్రాణం పోసిన రచనను దేశంలోకెల్లా ఉత్తమమని మీరెలా అన్నారు?

ఒంటి రంగు సంగతి కూడా చూడండి. బస్తీలో ఉన్నంతకాలం ఆమె నల్లగా ఉంటుంది, మంచిగా ఉంటుంది. కాలేజీకి పోయాక తెల్లబడుతుంది, దారి తప్పుతుంది. ఇది నన్ను మరీ బాధ పెట్టింది. కారణం ఉంది. ‘బేబీ’ రాసి తీసిన సాయి రాజేశ్ గారే అంతకుముందు ‘కలర్ ఫొటో’కు కథ ఇచ్చి, నిర్మాతల్లో ఒకరిగా నిలబడ్డారు. 2020 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకున్న సినిమా అది. నల్లని కుర్రాడికి ఈ సమాజంలో ప్రేమించే అర్హత ఉందా అని ఎంత నొప్పిగా అడిగింది ఆ కథ! రంగు మనిషిని ఎలా గాయపరుస్తుందో అంత బాగా తెలిసిన రచయిత, అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి అదే రంగును ఆమె గుణానికి కొలబద్ద చేశారు. ఆయన శక్తి మీద నాకు గౌరవం ఉంది. ఆ శక్తి ఇక్కడ ఎటు పోయిందో జ్యూరీలో ఒక్కరైనా అడిగారా?

ఇక ఆ కుర్రాడి సంగతి. ఈ సినిమాను మా వైపు మగపిల్లలు ఎందుకు గుండెకు హత్తుకున్నారో నాకు తెలుసు. దాన్ని చులకన చేయను. పది తప్పిన కుర్రాడికి ఇక్కడ ఏముంటుంది? కాంట్రాక్టరు కింద హెల్పరు పని, పన్నెండు గంటల షిఫ్టు, రాత్రి డ్యూటీ, మందుల కంపెనీ అయితే ఒంటి నుంచి వదలని వాసన. పీఎఫ్ పడుతుందో లేదో తెలియదు, రేపు గేటు దగ్గర పేరు పిలుస్తారో లేదో తెలియదు. లేదంటే ఫైనాన్సులో ఆటో తీసుకుని కిస్తీలు కట్టుకోవాలి. అదే వీధి పిల్ల ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బీటెక్‌లో చేరుతుంది. వాడు వెనకబడిపోయాడు, వాడికి తెలుసు. ఆ నొప్పి నిజం. తెలుగు తెర దాన్ని ముట్టుకోవడమే అరుదు. ‘బేబీ’ ముట్టుకుంది, ఆ గుణం దానికి ఇవ్వాల్సిందే.

ముట్టుకుని ఏం చేసింది? వాణ్ని వెనకబెట్టిన బడి గురించి ఒక ప్రశ్న లేదు. ఆ వయసులో వాణ్ని పనికి తరిమిన ఇంటి పరిస్థితి గురించి, ఇరవై ఏళ్లకే బతుకును ఆటో సీటుకు కట్టేసిన ఏర్పాటు గురించి ప్రశ్న లేదు. ఆ కోపమంతా మళ్లించి పక్కింటి పిల్ల మీద పోసింది. నీ బతుకు ఇలా అవడానికి కారణం అదిగో, చదువుకుని నిన్ను దాటిపోయిన ఆ అమ్మాయి, అని వేలు చూపించింది. సంగారెడ్డిలో నేను చూసిన ఆటకు హాలంతా కుర్రాళ్లే. ఆనంద్ ఆమెను నోటికొచ్చినట్టు తిట్టే ఘట్టంలో ఈలలు, కేకలు. వాళ్ల ముఖాల్లో చాలామటుకు నాకు తెలుసు. వాళ్లలో కొందరికి నేను పాఠాలు చెప్పాను, వ్యాసాలు రాయించాను. వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల కోపానికి తప్పుడు చిరునామా ఇచ్చారు. ఆ చిరునామా రాసిన చేతికి మీరు పురస్కారం ఇచ్చారు.

బెదిరింపు ఘట్టం కూడా చూద్దాం. ఆ ధనిక యువకుడు వైష్ణవి రహస్య వీడియోను అడ్డం పెట్టుకుని ఆమెను లొంగదీసుకుంటాడు. ఒకరి ఒంటిని వాళ్లకు తెలియకుండా చిత్రించడం, పంపడం సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. తెలంగాణ 2014లో షీ టీమ్స్‌ను పెట్టింది ఇలాంటి వాటి కోసమే. సినిమాలో ఆ నేరం నేరంగా ఎంతసేపు నిలిచింది? మరుక్షణంలోనే అది ఆమె ప్రేమికుడికి చేసిన ద్రోహంగా మారిపోయింది. బెదిరించినవాడికి కూడా ప్రేమ ఉందనీ, వాడి మనసూ విరిగిందనీ చూపించడానికి చోటు దొరికింది. ఆమెకు జరిగింది అత్యాచారమని ప్రేక్షకుడికి తోచే చోటు దొరకలేదు. సభ్యులారా, స్క్రీన్‌ప్లే తెలిసిన మీలో ఎవరూ ఈ తూకం గమనించలేదా? గమనించి కూడా బాగుందన్నారా?

2023 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఈ సినిమాలోని మత్తు పదార్థాల సన్నివేశాల మీద అభ్యంతరం చెప్పి చిత్ర బృందానికి నోటీసు ఇచ్చారు. పిల్లలు చూసి నేర్చుకుంటారని వాళ్ల ఆందోళన. అంటే సినిమా చూసి మనుషులు నేర్చుకుంటారని ప్రభుత్వం నమ్ముతుంది. మత్తు మందు విషయంలో నమ్ముతుంది. ఒక అమ్మాయిని ఎలా చూడాలి, ఎలా మాట్లాడాలి, ఆమె మనసు మార్చుకుంటే ఆమెను ఏం చేయాలి అన్న విషయంలో మాత్రం ‘అది సినిమానే కదా’ అంటుంది. ఈ రెండు నమ్మకాలూ ఒక్క చోట ఎలా పొసగుతాయి?

ఏం చేయాలి అన్న ప్రశ్న ఊరికే రాయలేదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. 2021 ఆగస్టు 15న, పట్టపగలు, గుంటూరు రోడ్డు మీద ఒక బీటెక్ విద్యార్థినిని కత్తితో పొడిచి చంపారు. కాదన్నందుకు. ఇంకో వైపు 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్ల ముందే భర్తను నరికించారు. 2020 సెప్టెంబరులో హైదరాబాద్‌లో కాపురం పెట్టుకున్న కొత్త జంటను ఎత్తుకుపోయి, ఆ యువకుణ్ని చంపి శవాన్ని మా సంగారెడ్డి దాపున కిష్టయ్యగూడెం దగ్గర పడేశారు. కులం వేరని. మొదటి రెండింట్లో చేసినవాడు ప్రేమికుణ్నని చెప్పుకున్నవాడు. తర్వాతి రెండింట్లో చేయించినది పిల్లను కన్న ఇల్లు. వీళ్లంతా చెప్పుకునే సమర్థన మాత్రం ఒక్కటే: పిల్ల మమ్మల్ని మోసం చేసింది. ఆడపిల్ల మనసు ఎవరో ఒకరి సొత్తు, ఆమె దానికి కాపలాదారు మాత్రమే అన్న లెక్క అది. ‘బేబీ’ ఎవరినీ చంపమని చెప్పలేదు. ఆ మాట నేను అనను. కానీ అదే లెక్క మీద మూడు గంటలు నడిచింది. వైష్ణవి చేసిన తప్పు ఎంత, ఆమె ఎవరికి ఎంత బాకీ అన్న ప్రశ్న తప్ప, ఆమెకు ఏం కావాలి అన్న ప్రశ్న అందులో లేదు.

వైష్ణవి లాంటి అమ్మాయిలు లేరా అని మమ్మల్ని అడుగుతారు. ఉన్నారు. ఇద్దరి మధ్య ఊగేవాళ్లు, అబద్ధమాడేవాళ్లు, పొరపడేవాళ్లు ఆడవాళ్లలో ఉన్నారు, మగవాళ్లలో ఉన్నారు. వాళ్ల కథ రాయొద్దని ఎవరూ అనలేదు. తప్పు చేసిన స్త్రీని లోపలి నుంచి రాయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మా చలం దాదాపు వందేళ్ల కిందటే ‘మైదానం’లో కాపురం వదిలి వెళ్లిపోయిన రాజేశ్వరి చేత తన కథ తనే చెప్పించాడు. చదివినవాళ్లు తిట్టారు, తగలబెట్టాలన్నారు, అయినా ఆమె ఎందుకు వెళ్లిందో ఆమె నోటనే విన్నారు. వైష్ణవి నోట మీరేం విన్నారు?

ఇక్కడి ఆడపిల్లల చదువుకు ఆయుష్షు ఎంతో మీకు చెప్పాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దాదాపు నలుగురిలో ఒకరికి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. మా ఊళ్ల నుంచి సంగారెడ్డి డిగ్రీ కాలేజీకి పోయే పిల్లలకు అది పెద్ద అండ. చార్జీ అడ్డంకి తొలగింది. అయితే అడ్డంకుల్లో అది చిన్నది. పెద్ద అడ్డంకి ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంది. ‘పిల్లను అంత దూరం పంపుతున్నవ్, రేపు ఏమన్నైతే?’ ‘సదువుకొని ఎవనితోనో పోయిందనుకో, మన ఇజ్జత్ ఏంగావాలె?’ ఇన్నేళ్లూ తల్లిదండ్రులను కాలేజీకి పిలిపించి, వాళ్ల ఇళ్లకు పోయి, ఈ మాటలకు జవాబు చెప్పడంలోనే నా ఉద్యోగం సగం గడిచింది. సెకండియర్ పరీక్ష ఫీజు కట్టాక కూడా హాల్ టికెట్ తీసుకోని ఆడపిల్లల పేర్లు నాకింకా గుర్తున్నాయి. అలా మానేసిన పిల్లల్లో ఒక్కతీ ఎవరితోనూ పోలేదు. మేనమామ కొడుకుతో పెళ్లి చేసి పంపారు, అంతే. ఇప్పుడు ఆ అరుగు మీది మాటకు తెర మీద రుజువు దొరికింది. మీరు దానికి ముద్ర కూడా వేశారు. ‘అవార్డొచ్చిన సిన్మలనే సూపెట్టిండ్రు కదా మేడం’ అని ఒక తండ్రి నాతో అంటే నేనేం చెప్పాలి? మీరు చెప్పండి.

ఒక సంగతి రాయక తప్పదు. మీరు పురస్కారాలు ప్రకటించడానికి దాదాపు నెల ముందు, 2025 జూన్ 30న, పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఒడిశా, బిహార్, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. ఆ మృతుల్లో ఒక కొత్త జంట ఉంది. అక్కడే ఇద్దరూ ఉద్యోగం చేసేవాళ్లు. ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. వాళ్ల గురించి ఎక్కువ రాయను, వాళ్ల ఇళ్లవాళ్ల దుఃఖం వాళ్లది. ఇది మాత్రం చెబుతాను. ఈ పారిశ్రామిక ప్రాంతంలో ప్రేమ ఇలా కూడా ఉంటుంది. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఇద్దరూ సంపాదించేవాళ్లు. ఇక్కడ షిఫ్టులు కలవక వారానికోసారి కలుసుకునే జంటలున్నాయి. జీతంలో ఇంటికి ఎంత పంపాలి, గదికి అద్దె ఎంత కట్టాలి అని లెక్కలు వేసుకునే జంటలున్నాయి. కులం పేరు చెప్పకుండా గది అద్దెకు దొరకక తిరిగే జంటలున్నాయి. ఈ ప్రేమలో తెగువ లేదా? కన్నీళ్లు లేవా? కథ లేదా? శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’లో కొంత ప్రయత్నించారు. కులాన్నీ, అమ్మాయి చిన్ననాటి గాయాన్నీ, ఇద్దరి పని ఆరాటాన్నీ ఒక్క చోట పెట్టారు. లోపాలున్నా ఆ అమ్మాయి ఎందుకు అలా ఉందో మనకు అర్థమయ్యేలా రాశారు. అలాంటి రచనల కోసం వెతకడం మీ పని కాదా?

గోవారికర్ గారూ, ప్రత్యేకంగా మీకొక మాట. ‘స్వదేశ్’లో పెళ్లి చూపులకొచ్చినవాళ్లు పెళ్లయ్యాక బడి పాఠాలు మానేయాలంటే గీత ఒప్పుకోదు. ఆ సన్నివేశాన్ని నేను క్లాసులో కథలా చెప్పేదాన్ని. పిల్లలు, ముఖ్యంగా వెనక బెంచీ ఆడపిల్లలు, కదలకుండా వినేవాళ్లు. చదువుకున్న స్త్రీ తన పని తనకు ముఖ్యమని చెప్పడం అందంగా ఉంటుందని తెర మీద చూపిన మీరు అధ్యక్షులుగా ఉన్న జ్యూరీ నుంచి ఈ తీర్పు వచ్చింది. మీరు ఒప్పుకున్నారా? చర్చలో వేరే గొంతు ఏదైనా వినిపించిందా? అదే జాబితాలో ఉత్తమ తెలుగు చిత్రంగా ‘భగవంత్ కేసరి’ని ఎంచారు. భయపడే పిల్లను సైన్యం దాకా పంపాలన్న పట్టుదల ఆ కథది. కాలేజీకి పంపితే ఏమవుతుందో చూడండి అన్న కథ ‘బేబీ’ది. ఒకే గదిలో కూర్చుని రెండింటికీ ఎలా తలూపారు?

ప్రాంతీయ ప్యానెళ్లు వడపోసి పంపితే కేంద్ర ప్యానెల్ తేలుస్తుందని విన్నాను. తెలుగు సినిమాలను వడపోసే ఆ బల్ల చుట్టూ సినిమావాళ్లతో పాటు ఒక సర్కారు బడి పంతులమ్మ, ఒక మహిళా కాలేజీ విద్యార్థిని, బస్తీలో పనిచేసే ఒక అంగన్‌వాడీ టీచరు కూర్చుంటే ఏమవుతుంది? కెమెరా, ఎడిటింగ్ గురించి వాళ్లు మీకు పాఠాలు చెప్పరు. ఆ అమ్మాయి అలా మాట్లాడదు, అలా ఆలోచించదు, అక్కడ ఆమెకు ఇంకో దారి ఉంది, అని మాత్రం చెబుతారు. రచనకు పురస్కారమంటే ఆ మాట వినడం అక్కర్లేదా? వచ్చే ఏటి సభ్యులకు ఈ ప్రతిపాదనను సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ద్వారా మీరే పంపండి. మీ మాటకున్న బరువు నా మాటకు ఉండదు.

రెండో కోరిక. మీలో ఎవరైనా ఒక్కరు సంగారెడ్డికి రండి. ఆడపిల్లల కాలేజీలో ‘బేబీ’ని మళ్లీ వేద్దాం. చూశాక రచన ఎందుకు గొప్పదో మీరు చెప్పండి, తర్వాత వాళ్లు చెప్పేది వినండి. వాళ్లలో కొందరికి ఆ సినిమా నచ్చి ఉంటుంది, ఆ సంగతీ మీకు తెలియాలి. పటాన్‌చెరు వైపు షిఫ్టు దిగి వచ్చే కుర్రాళ్లను కూడా పిలుస్తాను, నా పాత విద్యార్థులు నా మాట కాదనరు. హాలు, తెర, మధ్యాహ్నం భోజనం మేం చూసుకుంటాం. పరీక్షల నెలలు తప్ప ఏ శనివారమైనా ఫరవాలేదు. తేదీ మీరు రాయండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్,
ఇస్మాయిల్‌ఖాన్‌పేట, సంగారెడ్డి జిల్లా